నిలువు ఈత

గరుగుపేట పురపాలక సంఘం వారి ఈతకొలనుకు నలభై రెండేళ్లు నిండాయి. ఇరవై అయిదు మీటర్ల పొడవు, ఒక కొసన మూడడుగులు, ఇంకో కొసన తొమ్మిదడుగుల లోతు. అడుగున నీలం పలకలు సగం ఊడిపోయాయి. నీళ్లు శుభ్రం చేసే మోటారు బుద్ధి పుట్టిన రోజు తిరిగేది, లేని రోజు మూలిగేది. అయినా ఎండాకాలం వచ్చిందంటే తెల్లారేసరికి గేటు ముందు తువ్వాళ్లు భుజాన వేసుకుని జనం నిలబడేవారు. ఊరిని ఆనుకుని పెద్దగెడ్డ పారుతుంది. వానాకాలంలో అది ఏ పూట ఎంత పొంగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ ఊళ్లో ఈత నేర్చుకోవడం సరదా కిందికి రాదు, టీకా వేయించుకోవడం లాంటిది.

మైలపల్లి ఎర్రయ్య ఆ కొలనులో ఈత మాస్టారు. ప్రాణరక్షకుడు కూడా అతనే. రెండు ఉద్యోగాలకూ కలిపి ఒక్క మనిషినే వేసుకున్నారు, ఆ ఒక్క మనిషీ ముప్పై ఒక్క ఏళ్లుగా రెండూ చేస్తున్నాడు. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబం, మాట తక్కువ. నీళ్లలో భయపడ్డవాణ్ని ఒడ్డుకు చేర్చాక కూడా "కాసేపు కూర్చో" అనే రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు.

ఆ ఏడు అతని దగ్గర ఈత నేర్చుకుంటున్నవాళ్లలో నూకరత్నం అని ముప్పై నాలుగేళ్ల మనిషి ఉంది. గెడ్డ ఒడ్డున ఊరికి మంచినీళ్లు తోడే పంపుహౌసులో పని. కిందటి వానల్లో ఆమె కళ్లముందే తోటి పనివాడు కాలు జారి గెడ్డలో పడి కొట్టుకుపోయాడు. ఆమె ఒడ్డున నిలబడి కేకలు వేసింది, అంతకంటే ఏమీ చేయలేకపోయింది. ఎండాకాలం రాగానే వచ్చి, పిల్లలందరి మధ్య చీర కుచ్చిళ్లు దోపుకుని, గోడ పట్టుకుని కాళ్లు ఆడించడం మొదలుపెట్టింది. మూడు వారాలకు గోడ వదిలి రెండు బారలు వేయగలిగింది. సరిగ్గా అప్పుడే కొత్త కమిషనర్ హేమచంద్ర గారు శిక్షణకు వెళ్లొచ్చారు.

పట్టణ వినోద వసతుల ఆధునికీకరణ మీద నాలుగు రోజుల శిక్షణ అది. మూడు రోజులు ఉపన్యాసాలు విన్నాక, నాలుగో రోజు ఆయన్ని ఒక పెద్ద షాపింగ్ మాల్‌కి తీసుకెళ్లారు. అక్కడ ఆయన స్ప్లాష్ ప్యాడ్ చూశారు. రంగురంగుల గచ్చు, గచ్చులోంచి చిమ్మే నీళ్లు, చుట్టూ గంతులేసే పిల్లలు, నీళ్లు పడ్డట్టే పడి ఎక్కడికో మాయమైపోవడం. ఆయన ముప్పావు గంట అక్కడే నిలబడిపోయారట. తిరిగి వచ్చిన రోజే ఇంజనీరు పట్నాయక్ గారిని పిలిచి, మన కొలను పరిస్థితి మీద నివేదిక కావాలన్నారు. ఎలాంటి నివేదిక కావాలో పట్నాయక్ గారు అడగలేదు. ఆయనది ఇరవై ఆరేళ్ల సర్వీసు.

నివేదిక ఇరవై ఆరు పేజీలు వచ్చింది. అందులో పద్నాలుగో పేజీ మీద ఇలా ఉంది: "సదరు కొలనునందు గడచిన నలభై రెండు సంవత్సరములలో నమోదైన ప్రమాదములన్నియు నీటియందే, అందునను లోతుగల ప్రదేశమునందే సంభవించినట్లు పరిశీలనలో తేలినది. కావున లోతును తొలగించినచో ప్రమాదములు తమంతట తామే తొలగిపోగలవని భావించడమైనది."

దాన్ని కౌన్సిల్ సమావేశంలో చదివినప్పుడు సభ్యులు బల్లలు చరిచారు. ఇన్నేళ్లూ ఈ సంగతి తమకు తట్టనందుకు ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా. సాంకేతిక నిపుణుడి హోదాలో ఎర్రయ్యను పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు. ఏమైనా చెప్పేదుందా అని మర్యాదకు అడిగితే, లోతు లేకపోతే పిల్లలు ఈత ఎక్కడ నేర్చుకుంటారని అతను అడిగాడు.

కమిషనర్ గారు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు నవ్వారు. "ఎర్రయ్యా, మునగడానికే వీల్లేని చోట ఈతతో పనేముందయ్యా?"

అందరూ మళ్లీ బల్లలు చరిచారు. నిపుణుడి సందేహం నివృత్తి అయినట్టు మినిట్స్‌లో రాసుకున్నారు.

వారం తిరక్కుండా కొలనులో నీళ్లు తీసేశారు. పూడ్చే కార్యక్రమానికి షామియానా వేశారు. కమిషనర్ గారు మొదటి గంప మట్టి పోశారు, తర్వాత సభ్యులు వార్డుల వారీగా తలా గంపా పోశారు. ఎర్రయ్య ఒక పక్కన నిలబడి, తొమ్మిదడుగుల కొస నిండటానికి ఎంతసేపు పడుతుందో చూశాడు. రెండు రోజులు పట్టింది.

నిజం చెప్పుకోవాలంటే పూడ్చినచోట కట్టిన స్ప్లాష్ ప్యాడ్ బాగుంది. ప్రారంభం రోజున పసిపిల్లలు నీటిధారల మధ్య దూరి కేరింతలు కొడుతుంటే ఎర్రయ్యకు కూడా ముచ్చటేసింది. కొలను కొలనుగా ఉండి, పక్కన ఇది కూడా ఉంటే ఎంత బాగుండేదని అనుకున్నాడు. అతన్నెవరూ అడగలేదు.

చిక్కు తర్వాత వచ్చింది. మొదటి తరగతి పురపాలక సంఘం అన్నాక ఈతకొలను ఉండి తీరాలని నిబంధన ఉంది. లేకపోతే తరగతి పోతుంది. పట్నాయక్ గారు ఒక పూట ఆలోచించి, ఆస్తుల రిజిస్టరులో స్ప్లాష్ ప్యాడ్‌ను "ఈతకొలను, లోతు సున్న" అని రాశారు. ఈతకొలను ఉందంటే ప్రాణరక్షకుడు ఉండాలి. ప్రాణరక్షకుడు ఉంటే అతనికి ఎనిమిదడుగుల ఎత్తు కుర్చీ, ఈల, గాలి నింపిన రబ్బరు చక్రం ఉండాలి. అన్నీ ఏర్పాటయ్యాయి. ఎర్రయ్య రోజూ నిక్కరు తొడుక్కుని, ఈల మెడలో వేసుకుని ఆ కుర్చీ ఎక్కేవాడు. కింద చీలమండలైనా తడవని నీళ్లకేసి పొద్దున్నించి సాయంత్రం దాకా చూసేవాడు. అక్కడ ఎవరికైనా ప్రమాదం ఉందంటే అతనికే ఉంది. ఆ కుర్చీ మీంచి పడితే నడుం విరుగుతుంది.

మూడు నెలలకు అతనికి మెమో వచ్చింది. పాత కొలనులో నెలకు సగటున ఇద్దరిని కాపాడిన సదరు ఉద్యోగి, గడచిన మూడు నెలల్లో ఒక్కరిని కూడా కాపాడకపోవడానికి కారణం తెలపాలని అడిగారు. ఎవరూ మునగలేదు కాబట్టి కాపాడలేదని ఎర్రయ్య ఒక్క వాక్యం రాసిచ్చాడు. "మునుగుటకు అవకాశము లేకపోవుట విధినిర్వహణలో వైఫల్యమునకు సాకు కాజాలదు" అని జవాబు వచ్చింది. పట్నాయక్ గారు అతన్ని పక్కకు పిలిచి, నెలకు ఇద్దరిని కాస్త జారిపడమని అడగకూడదా అని స్నేహంగా సలహా ఇచ్చారు.

ఇంతలో కమిషనర్ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఊళ్లో పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి పండు ముసలి దాకా ప్రతి ఒక్కరికీ ఈత వచ్చిన పట్టణానికి రాష్ట్రస్థాయి గుర్తింపు ఇస్తామని పైనుంచి ఒక ప్రకటన వెలువడింది. 'సంపూర్ణ ఈత పట్టణం' అని పేరు. ఏ ఊరూ ముందుకు రాలేదు, గరుగుపేట వచ్చింది. అభ్యర్థి ఇరవై అయిదు మీటర్ల నీటిని ఎవరి సాయమూ లేకుండా, మధ్యలో ఆగకుండా దాటాలన్నది నియమం. పట్నాయక్ గారు ఆ నియమాన్ని కళ్లద్దాలు తుడుచుకుని మూడుసార్లు చదివారు. పడుకుని దాటాలని అందులో ఎక్కడా లేదు.

అలా నిలువు ఈత పుట్టింది.

స్ప్లాష్ ప్యాడ్ పొడవు కూడా ఇరవై అయిదు మీటర్లే, పాత కొలను కొలతలే కదా. ఈ కొస నుంచి ఆ కొసకు నీళ్లలో నడిచి వెళ్తే ఈత వచ్చినట్టు. వార్డుకో రోజు కేటాయించారు. జనం చెప్పులు చేతపట్టుకుని వరసల్లో వచ్చారు. ఒక బ్యాంకు ఉద్యోగి ఫోను మాట్లాడుకుంటూ దాటాడు, అది ఒంటిచేతి ఈతగా నమోదైంది. రిటైరైన హెడ్మాస్టారు చేతికర్రతో దాటితే కర్ర సాయం కిందికి వస్తుందా రాదా అని అరగంట చర్చ జరిగి, ఉపకరణ ఈత అనే కొత్త విభాగం తెరిచారు. చంకలో పాపాయితో దాటిన తల్లికి రెండు ధ్రువపత్రాలు ఇచ్చారు. ఒకామె మాత్రం మధ్యలో కాలు జారి బోర్లా పడింది. నీటియందు అడ్డముగా ఉండుట నిలువు ఈత నియమాలకు విరుద్ధమని ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. మర్నాడు మళ్లీ వచ్చి నిటారుగా దాటింది.

ప్రతి పత్రం మీదా ఈత మాస్టారి సంతకం ఉండాలి. మొదటి రోజు ఎర్రయ్య కలం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. పట్నాయక్ గారు భుజం మీద చెయ్యి వేసి, ఆ మనిషి నీళ్లు దాటాడా లేదా అని అడిగారు. దాటాడు. ఇరవై అయిదు మీటర్లా కాదా? ఇరవై అయిదే. మరి నువ్వు అబద్ధం రాస్తున్నదెక్కడ అన్నారు. పదవీ విరమణకు ఇంకో ఏడాదే ఉంది. ఎర్రయ్య సంతకం పెట్టాడు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే నడిచింది. రోజుకు వెయ్యి, పన్నెండు వందలు.

నూకరత్నం వంతు కూడా వచ్చింది. పంపుహౌసు పనివాళ్లంతా ఒక బ్యాచి. ఆమె దాటింది, పత్రం తీసుకుంది. సాయంత్రం జనం వెళ్లిపోయాక కుర్చీ దగ్గరికొచ్చి, ఆ కాగితం పైకి చాపింది.

"మాస్టారూ, ఇందులో నాకు ఈతొచ్చని రాసుంది. సంతకం మీదే. నాకు ఈతొచ్చేసినట్టేనా?"

ఎర్రయ్య కిందికి దిగాడు. "రాలేదమ్మా."

"మరెందుకు పెట్టినారు సంతకం?"

ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది. ముప్పై ఒక్క ఏళ్లలో నీళ్ల గురించి తను అబద్ధం చెప్పిన మొదటి మనిషి ఈమె అనుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది, మొదటి మనిషి కాదు, పద్దెనిమిది వేల చిల్లరవ మనిషి.

రేపు తెల్లారి గెడ్డ దగ్గరికి రాగలవా అని అడిగాడు.

వచ్చింది. ఒంటరిగా రాలేదు. అత్తగారు అప్పలనరసమ్మ గొడుగూ చుట్టా పట్టుకుని వెంట వచ్చి, ఒడ్డున రాతిమీద కూర్చుంది. ఎర్రయ్య ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు తాడుతో కట్టి నూకరత్నం వీపుకు బిగించాడు. కొలనులో నేర్చుకోవడం వేరు, గెడ్డలో వేరు. ఇక్కడ నీళ్లు నిలవ్వు, తోస్తాయి. అడుగు కనపడదు. మొదటి వారం ఆమె ఇన్ని నీళ్లు తాగింది. రెండో వారం వాలుకు ఎదురు తిరగడం మాని, వాలుతో పాటు ఏటవాలుగా పోవడం నేర్చింది. నెల తిరిగేసరికి బుర్రలు విప్పేసి ఆ ఒడ్డుకు వెళ్లి వచ్చింది. అప్పలనరసమ్మ చుట్ట ఆర్పి, ఫరవాలేదంది. ఆవిడ కోడల్ని మెచ్చుకోవడం ఎవరికైనా తెలిసి అదే మొదలు.

సంగతి ఆఫీసుకు చేరింది. గుర్తింపు లేని లోతునందు అనధికారికంగా శిక్షణ ఇస్తున్నందుకు ఎర్రయ్యకు రెండో మెమో వచ్చింది. ఇప్పటికే ఈత వచ్చినట్టు ధ్రువీకరించబడిన వ్యక్తికి మళ్లీ ఈత నేర్పడం ద్వారా పురపాలక సంఘం ప్రతిష్ఠకు భంగం కలిగించాడని అందులో ఉంది. దాని మీద విచారణ పెట్టేవారే, కానీ అంతకంటే పెద్ద ఉపద్రవం వచ్చిపడింది.

ఊరి జనాభా నలభై ఒక్క వేల మూడు వందల పన్నెండు. ధ్రువపత్రాలు పొందినవారు నలభై ఒక్క వేల మూడు వందల పదకొండు. ఆ ఒక్కరూ ఎవరని మూడు రోజులు రిజిస్టర్లు తిరగేశారు. నాలుగో రోజు తేలింది. అందరినీ పరీక్షించినవాడు తను మాత్రం పరీక్షకు కూర్చోలేదు. గరుగుపేటలో ఈత రాని ఒకే ఒక్క మనిషి మైలపల్లి ఎర్రయ్య.

దానికేముంది, ఒక్కసారి అలా నడిచేస్తే పోతుందని పట్నాయక్ గారు కబురు పెట్టారు. ఎర్రయ్య నడవనన్నాడు. సభ్యులు ఇద్దరు ఇంటికొచ్చి, ఊరి పరువు నీ కాళ్లమీద ఉందని చెప్పారు. వాళ్లకు టీ ఇచ్చి, నడవనన్నాడు. చివరికి కమిషనర్ గారే స్ప్లాష్ ప్యాడ్ దగ్గరికొచ్చి, ఎనిమిదడుగుల కుర్చీకేసి తలెత్తి మాట్లాడవలసి వచ్చింది. ఎర్రయ్య ఎప్పుడో ఒకప్పుడు పొద్దున్నే గచ్చు కడిగేటప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచే ఉంటాడనీ, ఆ నడకను పరిగణనలోకి తీసుకుంటామనీ, నోటితో అవునంటే చాలనీ అన్నారు.

"అది కడగడం సార్," అన్నాడు ఎర్రయ్య. "ఇప్పటికి నలభై వేలమందికి రాసేశాను. నాకు కూడా నేనే రాసుకుంటే, ఇంక ఈతంటే ఏమిటో ఈ ఊళ్లో ఒక్కడికీ గుర్తుండదు."

కమిషనర్ గారికి కోపం రాలేదు, జాలి వేసింది. చదువు లేని మొండితనం అనుకుని వెళ్లిపోయారు. పరిష్కారం పట్నాయక్ గారే కనిపెట్టారు. ఎర్రయ్య తండ్రి సముద్రం ఒడ్డు నుంచి వలస వచ్చినవాడు కాబట్టి, ఎర్రయ్య ఈ ఊరికి చుట్టపుచూపుగా వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు ఉండిపోయినట్టు భావించడమైనదని ఉత్తర్వు తయారైంది. జనాభాలోంచి ఒకటి తగ్గింది. నూటికి నూరు శాతం వచ్చేసింది. స్థానికుడు కానివాడు పురపాలక ఉద్యోగి కాలేడు కనుక కుర్చీ కూడా ఖాళీ అయింది. వెళ్లేముందు అతనికి శాలువా కప్పారు, అతిథి మర్యాద కదా.

ఊరి మొదట్లో పెద్ద బోర్డు పెట్టారు: 'ఈ పట్టణమునందు ఈత రానివారు లేరు.'

అక్టోబరులో తుపాను పట్టింది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. ఎన్ని పడవలు కావాలి, ఎన్ని లైఫ్ జాకెట్లు కావాలి, తాళ్లు ఎన్ని పంపమంటారని జిల్లా కేంద్రం నుంచి ఫోను వచ్చింది. కమిషనర్ గారు ఆ ఫోను చాలా హుందాగా మాట్లాడారట. మా ప్రజలందరికీ ఈత వచ్చు, ఆ సామగ్రిని వెనకబడిన పట్టణాలకు పంపండి అన్నారు. పంపేశారు.

మూడో రోజు పొద్దున్న ఎనిమిదింటికి గెడ్డ గట్టు తెగింది. దిగువపేట మీద నీళ్లు పడ్డాయి. గంటలో మోకాళ్లు, రెండో గంటకు నడుములు, ఆ తర్వాత కిటికీలు. జనం ఇళ్ల కప్పులెక్కారు. మిట్ట మీద ఆగిన పురపాలక వ్యాను మైకులో ప్రకటన మొదలుపెట్టింది. ప్రజలు ఆందోళన చెందవద్దని, వారందరికీ ఈత వచ్చునని, తమ తమ ధ్రువపత్రాలు వెంట తీసుకుని మిట్ట ప్రాంతానికి ఈదుకుంటూ రావలసిందని. కప్పుల మీద జనం ఆ మాటలు విని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పన్నెండు మంది గజ ఈతగాళ్ల దళం ఒకటి ఉంది, నిలువు ఈత పోటీల్లో పతకాలు కొట్టినవాళ్లు. వాళ్లు నీటి అంచుదాకా వచ్చారు. నాయకుడు ఒక కాలు పెట్టి చూశాడు. మోకాలి పైకి రాగానే వెనక్కి తీసి, ఇది మా శిక్షణ పరిధి దాటిందని చెప్పాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు, నిజమే చెప్పాడు.

ఎర్రయ్య అప్పటికే అరటి బోదెలు నరికి తెప్ప కడుతున్నాడు. నూకరత్నం పంపుహౌసు నుంచి తడుస్తూ వచ్చింది. వస్తూ వస్తూ అక్కడి లావు తాడు చుట్ట భుజాన వేసుకొచ్చింది. ఒక కొస స్కూలు గేటు స్తంభానికి కట్టి, దాని కాపలాకు అప్పలనరసమ్మను పెట్టారు. రెండో కొస నడుముకు చుట్టుకుని నూకరత్నం నీళ్లలోకి దిగింది. దిగేముందు ఒక్కక్షణం ఆగింది. కిందటేడు కేకలు వేసిన నోరు గట్టిగా మూసుకుంది. వాలుతో పాటు ఏటవాలుగా పోయి మొదటి ఇంటి కప్పు పట్టుకుని, తాడు అక్కడ బిగించింది.

ఆ తాడు వెంబడి తెప్ప నడిచింది. ముందు చంటిబిడ్డల తల్లులు, తర్వాత ముసలివాళ్లు, తర్వాత మిగిలినవాళ్లు. ఒక్కో ఖేపుకు నలుగురు. గజ ఈతగాళ్లు తాడు లాగారు, అది మాత్రం చాలా బాగా లాగారు. పొద్దువాలే వేళకు దిగువపేటలో ఎవరూ మిగల్లేదు. అప్పుడు కనిపించింది, రోడ్డు వంపులో మునిగిన జీపు. దాని టాపు మీద పరిస్థితిని స్వయంగా సమీక్షించడానికి వచ్చిన కమిషనర్ గారూ, పట్నాయక్ గారూ కూర్చుని ఉన్నారు. నీళ్లు ఇద్దరి ఒళ్లోకీ వచ్చేశాయి.

తెప్ప అక్కడిదాకా పోదు, తాడు చాలలేదు. ఎర్రయ్యా నూకరత్నమూ ఈదుకుంటూ వెళ్లారు. కమిషనర్ గారు రెండు చేతులతో జీపు అంచు పట్టుకుని ఉన్నారు. ఎర్రయ్యను చూడగానే ఆయన మొహంలోంచి కమిషనర్ జారిపోయాడు.

"నాకు ఈత రాదయ్యా," అన్నారు.

పక్కనుంచి పట్నాయక్ గారు, ఏళ్ల తరబడి అలవాటైన నోరు కదా, "సార్, రికార్డు ప్రకారం మీకు ప్రథమ శ్రేణి," అన్నారు.

ఎర్రయ్య కమిషనర్ గారిని పెనుగులాడకుండా వెల్లకిలా పడుకోమని, ఆకాశంకేసి చూస్తూ ఉండమని చెప్పి, చుబుకం కింద చెయ్యి వేసి లాక్కుపోయాడు. పట్నాయక్ గారిని నూకరత్నం తెచ్చింది. ఒడ్డు చేరాక ఎర్రయ్య ఇద్దరితోనూ "కాసేపు కూర్చోండి" అన్నాడు.

తుపాను వెలిశాక విచారణ జరిగింది. రాజధాని నుంచి వచ్చిన అధికారి నూకరత్నాన్ని పిలిపించారు. ఆమె వద్ద ఉన్నది నిలువు ఈత ధ్రువపత్రం కాగా, వరద సమయంలో అడ్డంగా ఈదినట్లు సాక్షులు చెబుతున్నారని, నియమాన్ని ఎందుకు ఉల్లంఘించిందో చెప్పాలని అడిగారు.

"ముందు నిలబడే చూసినానండి," అంది నూకరత్నం. "కాళ్లు అందలేదు."

అధికారి దాన్ని రాసుకున్నారు. నివేదిక నెలలో వచ్చింది. ఒక్క ప్రాణమూ పోకపోవడం సంపూర్ణ ఈత పథకం సాధించిన ఘనవిజయమని తేల్చారు. ఎర్రయ్య అనే వ్యక్తి స్థానిక జనాభాలో లేనందున అతను చేసినట్టు చెబుతున్న పనులు పరిశీలనకు రావన్నారు. లోపమంతా గెడ్డదేనని, అది అనుమతించిన దానికంటే ఎక్కువ లోతు ప్రదర్శించిందని, దశలవారీగా దాని లోతును సున్నకు తేవడానికి అంచనాలు తయారుచేయాలని సిఫార్సు చేశారు. కమిషనర్ గారికి రాష్ట్ర కార్యాలయంలో పెద్ద పదవి ఇచ్చారు. ఊరూరా స్ప్లాష్ ప్యాడ్లు పెట్టించే పని.

గెడ్డ తగ్గి నీళ్లు తేటపడ్డాక, ఒక తెల్లవారుజామున దిగువపేట ఆడవాళ్లు ఆరుగురు ఎర్రయ్య ఇంటికొచ్చారు. మర్నాడు పదిహేను మంది అయ్యారు. వారానికి గజ ఈతగాళ్లు పన్నెండు మందీ తలలు దించుకుని వచ్చి ఆడవాళ్ల వెనక వరసలో నిలబడ్డారు. ఆడవాళ్లకు నూకరత్నం, మగవాళ్లకు ఎర్రయ్య. పేర్లు రాసుకునే రిజిస్టరు లేదు, పత్రాలు లేవు. వచ్చినవాడికి వచ్చినట్టు తెలుస్తుంది, అంతే.

కమిషనర్ గారు కొత్త ఉద్యోగానికి వెళ్లబోయే ముందు రోజు తెల్లారగట్ల, ఒక ఆటో గెడ్డ గట్టు మీద ఆగింది. ఆఫీసు జీపు కాదు. ఆయన చిన్న తువ్వాలు భుజాన వేసుకుని దిగి, జనం కంటపడకుండా చుట్టూ తిరిగి వచ్చారు. ఎర్రయ్యకు నమస్కారం పెట్టారు. ఇంతకాలంలో అదే మొదటిసారి. తన గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదని, పొద్దెక్కేలోగా వెళ్లిపోతానని అన్నారు.

పంచె మోకాళ్ల పైకి కట్టుకుని ఆయన నీళ్లలోకి దిగారు. ఒక అడుగు, ఇంకో అడుగు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. అక్కడ ఆగిపోయి, ఇక్కడ మొదలుపెడదామా అని వెనక్కి తిరిగి అడిగారు.

ఎర్రయ్య నడుంలోతు నీళ్లలో నిలబడి, ఆయనకేసి చెయ్యి చాపాడు.

"అక్కడిదాకా మీకు వచ్చు సార్," అన్నాడు. "ఇక్కణ్నుంచి నేర్చుకోవాలి."